పార్కు గేటు దాటకముందే తిండి లెక్క

ఈ నెల ఇంటి పాఠం: 3 నుంచి 10వ తరగతి వరకు చదివే పిల్లల తల్లిదండ్రుల కోసం



పరీక్షలు దగ్గరపడేసరికి ఇంట్లో పిల్లల అడుగుడు మొదలవుతుంది. "నాన్నా, వండర్‌లా ఎప్పుడు వెళ్దాం?" అని ఒకరు, "అమ్మా, మా క్లాసులో అందరూ రామోజీ ఫిల్మ్ సిటీ చూసేశారు" అని ఇంకొకరు. సెలవులు రాగానే మీలో చాలామంది పిల్లలను, వీలైతే అమ్మమ్మ తాతయ్యలను కూడా వెంటబెట్టుకుని ఒకరోజు వెళ్లివస్తారు. రావిర్యాల దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న వండర్‌లా కావచ్చు, విజయవాడ రహదారి మీద హయత్‌నగర్ దాటాక వచ్చే ఫిల్మ్ సిటీ కావచ్చు, మీ ఊరికి దగ్గరలోని చిన్న వాటర్ పార్కు కావచ్చు. ఎక్కడికి వెళ్లినా టికెట్టు ధర ముందే తెలుస్తుంది, పెట్రోలు ఖర్చు అంచనాకు అందుతుంది. తిండికి ఎంతయిందో మాత్రం రాత్రి ఇంటికొచ్చి ఫోనులో పేమెంట్ల మెసేజీలు లెక్కపెట్టుకుంటేగానీ తెలియదు.

తిండి ఖర్చు తగ్గించాలంటే పిల్లల నోరు కట్టేయాలేమో అనుకుంటాం. ఆ అవసరం లేదు. మధ్యాహ్నం కడుపునిండా భోజనం చేయవచ్చు, ఐస్‌క్రీమ్ కూడా తినవచ్చు. తగ్గించాల్సింది అనుకోకుండా కొనేవాటినే. అందుకు కావలసిన నిర్ణయాలన్నీ ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. ఆ నిర్ణయాల్లో పిల్లలను కలుపుకుంటే లెక్కల పుస్తకంలో చదివినదంతా వాళ్లకు ఒక్కరోజులో పనికొస్తుంది. ఈ నెల పాఠం దాని గురించే.

1. ఖర్చు ఎక్కడ పెరుగుతుంది?

పార్కు లోపల ధరలు బయటికంటే ఎక్కువగా ఉండటానికి కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వీధిలో ఒక హోటల్లో దోసె ఖరీదనిపిస్తే పక్క హోటల్‌కు వెళ్తాం. పార్కులోకి వెళ్లాక ఆ వీలుండదు. చాలాచోట్ల బయటి తిండిని లోపలికి తీసుకురానివ్వరు, ఒకసారి బయటికి వెళ్తే అదే టికెట్టుతో మళ్లీ రానివ్వరు. కొనేవాడికి వేరే దారి లేనప్పుడు ధర పెరుగుతుంది. పదో తరగతి పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణతో "పోటీ" అనే మాటకు అర్థం చెప్పవచ్చు.

రెండో కారణం మన దగ్గరే ఉంది. ఆకలి, దాహం, అలసట ఒకేసారి వచ్చినప్పుడు ధర చూసి కొనే ఓపిక ఎవరికీ ఉండదు. ఎండలో గంటసేపు క్యూలో నిలబడ్డ పిల్లవాడు పాప్‌కార్న్ కౌంటర్ చూసి చెయ్యి పట్టి లాగుతాడు. వెనుక పదిమంది నిలబడి ఉంటారు. పక్క కుటుంబం పిల్లలు అప్పటికే తింటూ ఉంటారు. అక్కడ "వద్దు" అంటే పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు, మనకూ నలుగురిలో ఇబ్బందిగా ఉంటుంది. అందుకే ఆ మాట అనలేక ఫోను తీసి స్కాన్ చేసేస్తాం. ఇలా రోజంతా ఐదారుసార్లు జరుగుతుంది.

కాబట్టి కౌంటర్ దగ్గర గట్టిగా ఉండాలని ప్రయత్నించేకంటే, అక్కడికి ఆకలితో వెళ్లకుండా చూసుకోవడం తేలిక.

2. ముందురోజు: నియమాలు చదవండి

ముందురోజు సాయంత్రం పిల్లలతో కలిసి పార్కు వెబ్‌సైట్ తెరవండి. నియమాల పేజీలో ఈ ఐదు విషయాలు వెతికే పని పిల్లలకే అప్పగించండి.

- బయటి తిండిని అనుమతిస్తారా? పసిపిల్లల ఆహారానికి, షుగర్ ఉన్న పెద్దవాళ్లకు సడలింపు ఉందా?
- సొంత నీళ్ల సీసా తీసుకెళ్లవచ్చా? లోపల తాగునీరు ఎక్కడ దొరుకుతుంది?
- ఒకసారి బయటికి వచ్చి మళ్లీ లోపలికి వెళ్లవచ్చా?
- టికెట్టుతో భోజనం కలిపిన ప్యాకేజీ ఉందా? విడిగా తింటే ఎంత, కలిపి తీసుకుంటే ఎంత?
- పార్కింగ్ దగ్గర కూర్చుని తినడానికి నీడ ఉందా?

వెబ్‌సైట్‌లో సమాధానం దొరకకపోతే ఫోన్ చేసి అడగండి. గేటు దగ్గర బ్యాగు తనిఖీలో పులిహోర డబ్బా పక్కన పెట్టించుకోవడం కంటే అది మేలు.

"బయటి తిండిని ఆపే హక్కు వాళ్లకు ఉందా?" అని చాలామంది అడుగుతుంటారు. సినిమా హాళ్ల విషయంలో ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బయటి తిండిని అనుమతించాలని జమ్మూ కశ్మీర్ హైకోర్టు 2018లో ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2023 జనవరి 3న పక్కన పెట్టింది. హాలు యజమాని తన ప్రాంగణంలో షరతులు పెట్టుకోవచ్చని, అక్కడ కొనాలా వద్దా అన్నది ప్రేక్షకుడి ఇష్టమని చెప్పింది. అదే సమయంలో హాళ్లలో శుభ్రమైన తాగునీరు ఉచితంగా ఇవ్వడాన్ని, పసిపిల్లల కోసం తల్లిదండ్రులు తగినంత ఆహారం తెచ్చుకోవడాన్ని ప్రస్తావించింది. అది హాళ్ల గురించిన తీర్పే అయినా, పార్కులో ఏం అడగవచ్చో మనకొక అంచనా ఇస్తుంది. గేటు దగ్గర సిబ్బందితో వాదన పెట్టుకోకండి. తాగునీరు ఎక్కడుందో మాత్రం తప్పకుండా అడగండి.

3. ఉదయం: కడుపు నిండాకే గేటు దాటాలి

రోజు మొత్తంలో ఎక్కువ ఆదా చేసిపెట్టేది ఇంటి టిఫిన్. త్వరగా బయలుదేరాలన్న హడావుడిలో పిల్లలు సగం ఇడ్లీ తిని లేచిపోతారు. పదకొండు గంటలకల్లా మళ్లీ ఆకలి మొదలవుతుంది. ఇంట్లో కొంచెం తినిపించి, మిగతాది డబ్బాలో పెట్టుకుని పార్కింగ్‌లో గేటు దాటేముందు తినిపించండి. ఇడ్లీ కారప్పొడి, చపాతీ, పులిహోర, ఉడకబెట్టిన వేరుశనగలు, అరటిపండ్లు ఇందుకు బాగుంటాయి.

ఇక్కడొక జాగ్రత్త. పులిహోర ప్రయాణానికి నిలుస్తుందని మన పెద్దలు చెప్పేది నిజమే. చింతపండు పులుపు, నూనె వల్ల అది మామూలు అన్నంకంటే నెమ్మదిగా పాడవుతుంది. కానీ ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు లోపలి వేడి వేరు. వండిన ఆహారాన్ని గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచరాదని, 32 డిగ్రీల సెల్సియస్ దాటితే గంటకు మించరాదని ఆహార భద్రత నియమం. అందుకని అన్నంతో చేసినవి, పెరుగు, గుడ్డు, మాంసం, పాలతో చేసిన స్వీట్లు సాయంత్రానికని కారులో వదిలి వెళ్లకండి. ఆదా చేసిన నాలుగొందలు మర్నాడు ఆసుపత్రిలో కట్టాల్సి వస్తుంది. సాయంత్రానికి జంతికలు, చేగోడీలు, పల్లీ ఉండలు, అటుకుల మిక్చర్ లాంటి పొడి తినుబండారాలు పెట్టుకోండి.

4. నీళ్లు ముందు, తీపి పానీయాలు తర్వాత

పిల్లలు "ఆకలి" అన్నప్పుడు ఒక్కోసారి అది దాహం కూడా కావచ్చు. ప్రతి ఒక్కరికీ ఒక సీసా ఉండాలి. నియమాలు ఒప్పుకుంటే మూత గట్టిగా ఉన్న తేలికపాటి సీసా తీసుకెళ్లి, తాగునీటి కుళాయి కనిపించినప్పుడల్లా నింపుకోండి. ప్రతి రైడ్ దిగాక నాలుగు గుక్కలు తాగడం ఒక ఆటలా పెట్టండి.

కూల్‌డ్రింక్ దాహం తీరుస్తుందని పిల్లలు అనుకుంటారు. మామూలు కోలా 200 మిల్లీలీటర్లలో సుమారు 20 గ్రాముల చక్కెర, అంటే ఐదు టీస్పూన్లు ఉంటుంది. "ఓఆర్‌ఎస్" అని రాసి ఉన్నదల్లా ఓఆర్‌ఎస్ కాదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో గ్లూకోజు 13.5 గ్రాములే ఉండాలి. ఆ సూత్రానికి సరిపోని తీపి పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న పదం వాడరాదని మన దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. దీని కోసం ఏళ్ల తరబడి పోరాడినవారిలో హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టరమ్మ ఒకరు. మందుల షాపులో దొరికే అసలు ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు బ్యాగులో ఉంచుకుంటే బరువూ ఉండదు, ఖర్చూ తక్కువే.

5. మధ్యాహ్నం: ఒక్క మంచి భోజనం

లోపల ఒక పూట కూర్చుని తృప్తిగా తినండి. దీనికి డబ్బు ముందే పక్కన పెట్టండి. భోజనం మానేసి చిరుతిళ్లతో సరిపెట్టుకుంటే సాయంత్రానికి భోజనం కంటే ఎక్కువే ఖర్చవుతుంది, పిల్లలకు నీరసం కూడా వస్తుంది.

సమయం విషయం కూడా లెక్కేయండి. టికెట్టు 1,400 రూపాయలు, పార్కు ఏడు గంటలు తెరిచి ఉంటుందనుకుందాం. అంటే ఒక్కొక్కరికి గంటకు 200 రూపాయలు. ఒంటిగంటకు అందరూ తినే వేళ నలుగురూ ముప్పావు గంట క్యూలో నిలబడితే 600 రూపాయల విలువైన సమయం పోయినట్టే. పన్నెండుకో, రెండున్నరకో భోజనానికి వెళ్లండి. ఒకరు టోకెన్ తీసుకుంటే మిగతావాళ్లు నీడలో కూర్చోవచ్చు. తిన్న వెంటనే గిరగిర తిరిగే రైడ్లు ఎక్కించకండి. ఆ సమయానికి ఏదైనా షో చూడటం మంచిది.

ఒక్కో ప్లేటులో ఎంత వస్తుందో చూశాకే ఆర్డర్ ఇవ్వండి. ముందు మూడు ప్లేట్లు తెప్పించి, చాలకపోతే నాలుగోది చెప్పండి. చిన్నపిల్లలు ప్లేటులో సగం వదిలేయడం ప్రతి తల్లికీ తెలిసిందే. షుగర్ మాత్రలు వేసుకునే తాతయ్య, అమ్మమ్మ ఉంటే మాత్రం వాళ్ల భోజనం వేళ మార్చకండి. రద్దీ ఉన్నా వాళ్లకు సమయానికి పెట్టాల్సిందే.

6. పిల్లల సొంత ఖాతా

పిల్లలకు ఎక్కువగా ఉపయోగపడే భాగం ఇది. ముందురోజు రాత్రే ఒక్కొక్కరికీ చిరుతిండి డబ్బు ఎంతో చెప్పేయండి. 150 రూపాయలు అనుకుందాం. దానితో ఏం కొనాలి, ఎప్పుడు కొనాలి అన్నది వాళ్ల ఇష్టం. అయిపోతే మళ్లీ ఇవ్వరు. మిగిలితే ఇంటికొచ్చాక వాళ్ల హుండీలోకే.

యూపీఐ వచ్చాక డబ్బు చేతులు మారడం పిల్లల కంటికి కనబడటం లేదు. ఫోను చూపిస్తే చాలు, వస్తువు వచ్చేస్తుందని చిన్నపిల్లలు అనుకుంటారు. కాబట్టి చిన్న నోటుపుస్తకంలో ఒక్కొక్కరికీ ఒక పేజీ పెట్టండి. కొన్న ప్రతిసారీ వస్తువు, ధర, మిగిలింది ఎంత అన్నది వాళ్లతోనే రాయించండి.

ఇలా చేస్తే మీరు ఊహించని మార్పు కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర "కొనిపెట్టు" అనే పిల్లవాడు "ఇది ఎంత?" అని అడగడం మొదలుపెడతాడు. మీరు "వద్దు" అనాల్సిన పని ఉండదు. వాడే బోర్డు చూసి, ఆలోచించి, "సాయంత్రం ఐస్‌క్రీమ్ తింటాలే" అంటాడు. ఒకవేళ మొదటి గంటలోనే డబ్బంతా అవగొట్టేసినా తిట్టకండి, మళ్లీ ఇవ్వకండి. అన్నకు ఇవ్వకుండా చెల్లికి గుట్టుగా కొనిపెట్టకండి. తాతయ్యకు కూడా ఈ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే లెక్కంతా ఆయన జేబులోంచి తప్పుతుంది!

7. బిల్లు చదవడం నేర్పండి

*ఎంఆర్‌పీ.* ప్యాకెట్టు మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దుకాణదారు దానికంటే ఎక్కువ తీసుకోకూడదు. ఒకే సరుకుకు ఊళ్లో ఒక ఎంఆర్‌పీ, మాల్‌లో ఇంకో ఎంఆర్‌పీ ముద్రించడాన్ని కూడా 2018 జనవరి 1 నుంచి నిషేధించారు. అయితే కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లు, రెస్టారెంట్లు సీసా నీళ్లకు ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. అక్కడ సరుకుతో పాటు సేవ కూడా ఉంటుందన్నది కారణం. కాబట్టి నీళ్ల సీసా, బిస్కెట్లు కొనాలంటే స్టాల్‌లోనే కొనండి. టబ్బులో పోసి ఇచ్చే పాప్‌కార్న్‌కు, అప్పటికప్పుడు చేసి ఇచ్చేవాటికి ఎంఆర్‌పీ ఉండదు. వాటికి బోర్డు మీద ధర చూశాకే ఆర్డర్ ఇవ్వండి.

*జీఎస్‌టీ.* మామూలు రెస్టారెంట్లలో 5 శాతం. 1,200 రూపాయల భోజనానికి 60 రూపాయలు. బిల్లులో అది కేంద్రానికి 30, రాష్ట్రానికి 30గా కనిపిస్తుంది.

*సర్వీస్ ఛార్జి.* ఇది పన్ను కాదు. దీన్ని బిల్లులో తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కలిపి ఉంటే తీసేయమని మర్యాదగా అడగవచ్చు.

*లైసెన్స్ నంబరు.* తినుబండారాల బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్ నంబరు ఉండాలి. దాన్ని వెతికే పని పిల్లలకు ఇవ్వండి.

తేడా కనిపిస్తే బిల్లు దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కౌంటర్‌లో ఉన్న కుర్రవాడు జీతానికి పనిచేసేవాడే, ధరలు అతను పెట్టినవి కావు. అతనితో మనం ఎలా మాట్లాడుతున్నామో పిల్లలు గమనిస్తూనే ఉంటారు.

8. ఒక కుటుంబం లెక్క

తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. ఈ ధరలు లెక్క అర్థం కావడానికి అనుకున్నవి, పన్నుతో కలిపినవి. మీ పార్కు ధరలతో మీరు మళ్లీ వేసుకోండి.

అనుకోకుండా వెళ్తే:
- ఉదయం చిరుతిళ్లు, నాలుగు ప్లేట్లు: 480
- నీళ్ల సీసాలు ఆరు: 120
- భోజనం: 1,200
- ఐస్‌క్రీములు: 320
- కూల్‌డ్రింకులు: 200
- పాప్‌కార్న్: 200
- దారిలో హోటల్లో రాత్రి భోజనం: 900
- మొత్తం: 3,420 రూపాయలు

అనుకుని వెళ్తే:
- ఇంటి టిఫిన్ సరుకులు: 150
- సొంత సీసాలో నీళ్లు: 0
- భోజనం: 1,200
- పిల్లల ఖాతాలు, 150 చొప్పున: 300
- దారిలో జంతికలు, అరటిపండ్లు, ఇంటికొచ్చాక దోసెలు: 150
- మొత్తం: 1,800 రూపాయలు

తేడా 1,620 రూపాయలు. రెండు జాబితాల్లోనూ భోజనం 1,200 రూపాయలే, అందులో ఒక్క రూపాయి తగ్గించలేదు. అన్నిటికంటే ఎక్కువ ఆదా రాత్రి పూట జరిగింది, 750 రూపాయలు. ముందురోజు రుబ్బిన దోసెపిండి ఫ్రిజ్‌లో ఉంటే చాలు. అలసిపోయి వచ్చినా పావుగంటలో పని అయిపోతుంది. ఆ రోజు దోసెలు పోసే పని అమ్మ ఒక్కరి మీదే పడకుండా చూసుకోవడం మిగతావాళ్ల వంతు.

వైజాగ్, విజయవాడ, వరంగల్ నుంచి వచ్చేవారికి ఇంటి దోసెలు కుదరవు. రాత్రి బస్సో, రైలో ఎక్కేముందు పార్కు చుట్టుపక్కల కాకుండా, ఊళ్లోకి వచ్చాక మామూలు టిఫిన్ సెంటర్‌లో తినేలా సమయం పెట్టుకోండి.

9. తరగతిని బట్టి ఇంటి పని

*3 నుంచి 5 తరగతులు:* తన 150 రూపాయల ఖాతా తానే రాయాలి. ప్రతి కొనుగోలు తర్వాత తీసివేత చేయాలి. కొనకముందు "ఎంత మిగులుతుంది?" అని నోటితో చెప్పాలి.

*6 నుంచి 8 తరగతులు:* బర్గర్ 120, ఫ్రైస్ 90, డ్రింక్ 60. మూడూ కలిపిన కాంబో 230. ఆదా ఎంత శాతం? విడిగా 270 కాబట్టి 40 రూపాయలు, దాదాపు 15 శాతం. ఇప్పుడు రెండో ప్రశ్న: మనకు కావలసింది బర్గర్ ఒక్కటే అయితే కాంబో కొన్నందుకు లాభమా, నష్టమా? 110 రూపాయలు అదనంగా ఖర్చయ్యాయి. ఈ రెండో ప్రశ్న ఆన్‌లైన్ డిస్కౌంట్లు చూసినప్పుడు కూడా పిల్లలకు గుర్తుకురావాలి.

*9, 10 తరగతులు:* బిల్లులన్నీ పోగుచేసి పన్ను ఎంత, అసలు ధర ఎంత విడదీయాలి. ఒక వస్తువు ధర పార్కులో, మీ వీధి దుకాణంలో పోల్చి, తేడాకు మూడు కారణాలు రాయాలి.

చివరిగా

ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు, బస్సు ఛార్జీలు అన్నీ కట్టాక మిగిలిన దానితోనే మీరు ఈ సరదా చేస్తున్నారని మాకు తెలుసు. ఇంట్లో డబ్బు గురించి మాట్లాడితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారేమోనని చాలామంది దాచిపెడతారు. "మన దగ్గర లేదు" అనడానికి, "ఇవాళ్టికి ఇంత అనుకున్నాం" అనడానికి చాలా తేడా ఉంది. మొదటి మాట వింటే పిల్లవాడికి బెంగ కలుగుతుంది. రెండో మాట వింటే ఆ లెక్కలో తానూ ఉన్నానని తెలుస్తుంది.

ఈ సెలవుల్లో వెళ్లేముందు రాత్రి అందరూ కలిసి కూర్చుని పది నిమిషాలు ఈ లెక్క వేయండి. తిరిగి వచ్చాక పిల్లలు రాసిన ఖాతా పేజీని తదుపరి పేరెంట్-టీచర్ సమావేశానికి పంపండి. లెక్కల టీచర్లు వాటిని తరగతిలో చర్చిస్తారు. డబ్బు మిగిల్చినవాళ్లతో పాటు మొదటి గంటలోనే అంతా ఖర్చుపెట్టినవాళ్లూ తమ పేజీ తేవచ్చు. తరగతిలో చర్చకు రెండూ కావాలి.